ముఖం కావలెను

ఆ ఆదివారం ఉదయం ప్రూఫ్‌రీడరు గారి పథకం చాలా చిన్నది. ఏడింటికి లిఫ్టు పక్కన ఒక కాగితం అంటించాలి. సాయంత్రం నాలుగింటికి ఎవరో ఒకరు వచ్చి ఎదురుగా కూర్చోవాలి. ఆ ముఖాన్ని బొగ్గుతో గీసి సోమవారం డ్రాయింగు మాస్టారికి చూపించాలి. అంతే.

అచ్చాఫీసులో ముప్పై నాలుగేళ్ళు ఊళ్ళోవాళ్ళ తప్పులు దిద్ది రిటైరైన మనిషి ఆయన. పెళ్ళి చేసుకోలేదు. నాలుగో అంతస్తులో ఒంటిగది వాటా. పాలతనితో ‘సరే’, కొట్టతనితో ‘చాలు’ అంటే ఆయనకు ఆ రోజు మాటలు అయిపోయినట్టే. ఆరు నెలల కిందట బొగ్గు బొమ్మల క్లాసులో చేరాడు. గీయడానికి కూర్చునే మనుషులు లేక అద్దం ఎదురుగా పెట్టుకుని తన ముఖమే గీసుకున్నాడు. ఇరవై ఆరు సార్లు.

“చెయ్యి బాగా తిరిగింది సార్. ఇక మీ ముఖం చాలు. సోమవారం వేరే ముఖం చూపించండి. లేదంటే ముఖం చూపించకండి” అన్నాడు మాస్టారు.

అందుకే ఆ కాగితం. ‘కావలెను: ఎదురుగా కూర్చోవడానికి ఒక మనిషి. బొగ్గుతో బొమ్మ గీయడానికి. వయసు, అందం పట్టింపు లేదు. ముఖంలో భావాలుంటే చాలు. మాట్లాడకూడదు. కదలకూడదు. సాయంత్రం నాలుగింటికి, నాలుగో అంతస్తు.’ అంటించేటప్పుడు బొగ్గంటిన బొటనవేలు రెండో వాక్యం మీద బలంగా పడి, అది కాస్తా నల్లటి మరకైపోయింది. జీవితంలో ఏ కాగితాన్నీ రెండోసారి చదవకుండా వదలని మనిషి, ఆ ఒక్కదాన్ని మాత్రం చదవకుండా పైకెళ్ళిపోయాడు.

ఎనిమిదింటికల్లా బిల్డింగంతా చదివింది. “మాట్లాడకూడదట, కదలకూడదట! ఆయనకి కావలసింది పెళ్ళామా, గోడకి తగిలించుకునే బొమ్మా?” అంది మూడో అంతస్తు ఇల్లాలు. మెట్ల దగ్గర చేరినవాళ్ళందరూ ఔనంటే ఔనన్నారు. బిల్డింగు పరువు మర్యాదల బాధ్యత తనదే కాబట్టి సంఘం సెక్రటరీ గారు చొక్కా మార్చుకుని నాలుగో అంతస్తుకెక్కాడు.

“కాగితం చూశానండీ. ఈ కోరిక ఎప్పట్నుంచి?” అన్నాడు, గుమ్మం దాటకుండానే.

ఇంటికి మనిషి రావడమే గొప్పగా ఉంది ప్రూఫ్‌రీడరు గారికి. “చిన్నప్పట్నుంచీ ఉందండీ. నాన్నగారు సాగనివ్వలేదు. ఇప్పటికి ధైర్యం చేశాను.”

“ముందు కాస్త పరిచయం అదీ అక్కర్లేదా?”

“ఎందుకండీ? గంటసేపు తేరిపార చూస్తే మనిషి మొత్తం తెలిసిపోతుంది.”

“మరి ఈ వయసులో... అవతలి మనిషి వయసు?”

“ముడతలుంటేనే మంచిదండీ. నున్నటి ముఖమైతే పట్టు దొరకదు.”

సెక్రటరీ గారు గుమ్మం పట్టుకున్నాడు. “ఒక్కరేనా?”

“ముందు ఒకరు. అలవాటయ్యాక వారానికొకరు. మా మాస్టారైతే రోజుకి ముగ్గురు!”

సెక్రటరీ గారు మెట్లు రెండేసి చొప్పున దిగి, రిజిస్టరు తిరగేసి, ప్రూఫ్‌రీడరు గారి అక్కకి ఫోన్ చేశాడు. “మీ తమ్ముడు చేయి దాటిపోతున్నారమ్మా. వెంటనే రండి.” పదకొండింటికి అక్క వచ్చింది. వెనక బావగారు, ఆయన చేతిలో కొత్త చొక్కా. అప్పటికే కింద, పెళ్ళికూతురు నాలుగింటికి వస్తోందనే దాకా వెళ్ళింది వార్త. నలుగురూ చూసేది పద్ధతిగా ఉండాలని ఎవరో ఆరు ప్లాస్టిక్ కుర్చీలు పైకి చేరవేయించారు. కుర్చీల వెంట మనుషులూ వచ్చారు.

“ఒరేయ్ తమ్ముడూ! కాళ్ళరిగేలా తిరిగి ముప్పై ఏళ్ళు సంబంధాలు తెస్తే ఒక్కటీ కుదరదన్నావు. ఇప్పుడు లిఫ్టు దగ్గర కాగితం అంటిస్తావా? నాకొక్క మాట చెప్తే నీ సొమ్మేం పోయేదిరా?” అక్క తిడుతూనే ఏడ్చింది, ఏడుస్తూనే చొక్కా ఆయన భుజాలకి ఆనించి కొలత చూసింది.

ఆమె చింపి తెచ్చిన కాగితాన్ని ప్రూఫ్‌రీడరు గారు అప్పుడు చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి. “బొమ్మ గీయడానికక్కా... ఇక్కడ మరక పడింది. అంతే” అన్నాడు నీళ్ళు నములుతూ.

వచ్చినవాళ్ళు మరకని చూశారు, ఆయన వేలిని చూశారు, పెళ్ళి తప్పిపోయినందుకు ఉసూరుమంటూ ఎవరి కుర్చీ వాళ్ళు పట్టుకుని దిగిపోయారు. అక్క మాత్రం గోడలు చూస్తూ నిలబడింది. నాలుగు గోడల మీదా తమ్ముడే.

“ఇంతమందిలో ఒక్కడూ నవ్వట్లేదేంరా?” అంది.

ఆయన గోడ మీద వంకరైన ఒక బొమ్మని సరిచేశాడు. “పోనీ నేను కూర్చోనా?” అని కూర్చుంది గానీ, రెండు నిమిషాలకే లేచి గిన్నెలు సర్దడం మొదలెట్టింది. మూడింటికి బావగారు గడియారం చూసుకున్నాడు. చొక్కా మంచం మీద పెట్టి ఇద్దరూ వెళ్ళిపోయారు.

నాలుగింటికి ఖాళీ కుర్చీ ఎదురుగా కాగితం బిగించుకుని కూర్చున్నాడు ఆయన. ఇక రేపు మాస్టారికి ఏ ముఖం చూపించాలా అనుకుంటుండగా తలుపు చప్పుడైంది. రెండో అంతస్తులో ఒంటరిగా ఉండే రిటైర్డు నర్సు.

“ఆలస్యమైందా?” అంది లోపలికొస్తూ.

“అది పెళ్ళి కోసం కాదండీ...” అన్నాడు కంగారుగా.

“నాకు తెలుసు. బొగ్గుతో బొమ్మ గీయడానికి. డాక్టర్ల చేతిరాత చదివిన కళ్ళండీ ఇవి, మరకెంత? పొద్దున్నే చదివేశాను.”

“మరి పొద్దున్నుంచీ ఇంత గోల జరుగుతుంటే వాళ్ళకి చెప్పలేదేం?”

“నన్నెవరడిగారు?” అందామె, కోపమేమీ లేకుండా. “ఆరేళ్ళ నుంచి ఈ బిల్డింగులో నన్నెవరూ ఏమీ అడగలేదు. మీరే మొదట మనిషి కావాలన్నారు. వచ్చాను.”

ఆమె కుర్చీలో కూర్చుంది. మాట్లాడలేదు, కదలలేదు. అయిదు నిమిషాలకు నిద్రపోయింది కూడా. లేపడానికి ఆయనకు మనసొప్పలేదు. వాలిన కనురెప్పలు, సడలిన పెదవులు, నుదుటి మీద ఏళ్ళ తరబడి రాత్రి డ్యూటీలు గీసిన గీతలు. బొగ్గు కాగితం మీద మెల్లగా కదిలింది. మరో మనిషి ఊపిరి వినపడుతుంటే గది ఇంత చిన్నదా అనిపించిందాయనకు.

గంట తరవాత ఆమె ఉలిక్కిపడి లేచి, బొమ్మ ముందు చాలాసేపు నిలబడింది.

“నిద్రలో ఇలా ఉంటానా నేను? ఇన్నాళ్ళూ చెప్పేవాళ్ళు లేక తెలీలేదు.”

సోమవారం మాస్టారు ఆ బొమ్మను ఎటూ తిప్పకుండా, తప్పు పట్టకుండా గోడకు తగిలించాడు. ఆ సాయంత్రం నాలుగింటికి మళ్ళీ తలుపు చప్పుడైంది. ఈసారి ఆమె దిండు కూడా తెచ్చుకుంది.