పాలపుంత నడిబొడ్డుకు రీసర్వే

పాలపుంత నడిబొడ్డును రీసర్వే చేసే పని మండల సర్వేయరు పైడిరాజుకు పడింది, ఆ నెల ఆయన చేతిలో వేరే పనేమీ లేదు కాబట్టి. పాత పటం ఎనభై ఏళ్ళ కిందటిది. దాన్ని గీసిన మహానుభావుడు అంతదూరం పోలేక, మధ్యలో పెద్ద సున్నా చుట్టి, "అంతా దుమ్ము. ఖాళీ" అని రాసి సంతకం పెట్టాడు. ఆ ఖాళీని చెత్త పోయడానికి కేటాయించారు. నెలాఖరులోగా అక్కడ ఎవరైనా ఉన్నట్టు పటంలో తేలకపోతే లారీలు బయలుదేరతాయని నోటీసు బోర్డు మీద అంటించారు కూడా.

ఉదయం ఆరున్నర బస్సెక్కితే ఇరవయ్యారు వేల కాంతి సంవత్సరాలు దాటి భోజనాల వేళకు చేరొచ్చు. దారిలో ఒకచోట టిఫినుకు ఆపుతారు. పైడిరాజు ఒళ్ళో పరారుణ కెమెరా పెట్టుకుని కూర్చున్నాడు. మామూలు వెలుగును దుమ్ము ఆపేస్తుంది గానీ పరారుణ కాంతిని అంతగా ఆపలేదు. పొయ్యి ఆర్పాక మంట కనబడకపోయినా చెయ్యి పెడితే సెగ తగుల్తుంది చూశారా, ఆ సెగ లాంటి వెలుగన్నమాట. మన కళ్ళకు ఆనదు, కెమెరాకు ఆనుతుంది.

కెమెరా పెట్టగానే సున్నాలో ఇసుక వేస్తే రాలనన్ని నక్షత్రాలు కనిపించాయి. ముందు వరసలో ఒక చిన్న ఎర్ర నక్షత్రం ఉంది. తరతరాలుగా దాన్ని ఆరిపోకుండా చూసుకుంటున్న ఇంటావిడ పోలమ్మ కొంగు దులుపుకుంటూ బయటికొచ్చింది.

"ఏటి బాబూ, అగుపిస్తన్నామా?"

"నిక్షేపంగా కనిపిస్తున్నారమ్మా. మీ వెనకాల వాళ్ళూ కనిపిస్తున్నారు."

"వొచ్చినోడల్లా బయటే నిలబడి దుమ్మని రాసేసి ఎల్లిపోతన్నాడు. మా నెత్తిమీద సెత్త పోసేత్తారని దిగులుతో సస్తన్నాం."

"పోయనివ్వను," అన్నాడు పైడిరాజు. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఎవరికీ ఇంత గట్టిగా మాటివ్వలేదు. తనకే ముచ్చటేసింది.

మూడు రోజులు వంచిన నడుం ఎత్తకుండా పనిచేశాడు. పూటపూటకీ పోలమ్మ అంబలి, ఉల్లిపాయ పంపించేది. ప్రతి నక్షత్రానికీ సర్వే నంబరు పడింది. పోలమ్మది నాలుగు లక్షల పదకొండు వేల రెండు వందల ఏడు. ఆవిడ ఆ నంబరును ఇంటిల్లిపాదికీ బట్టీ పట్టించింది.

ఇక వెనక్కి చూడటం మిగిలింది. ఏ సర్వేయరైనా కొలత ముగిశాక, బయలుదేరిన చోటి రాయి వైపు పరికరం తిప్పి సరిచూసుకోవాలి. అది చేస్తేనే పటం చెల్లుతుంది. పైడిరాజు బయలుదేరింది మండలాఫీసు గోడ పక్కనున్న సర్వే రాయి నుంచి. కెమెరా అటు తిప్పాడు. సూర్యుడు ఓ చుక్కలా పడ్డాడు. దాని పక్కన రాయి లేదు, ఆఫీసు లేదు, ఊరూ లేదు. అంత దూరానికి ఆనేపాటి సెగ ఆ ఊళ్ళో లేదు. అద్దం తువ్వాలుతో తుడిచి మళ్ళీ చూశాడు. లేదు.

"మీ రాయి అగుపించిందా బాబూ?"

"లేదమ్మా."

"అయితే మా పటం పోయినట్టేనా?"

"కనిపించలేదని నిజం రాస్తే మీ పటం నిలుస్తుంది. కాకపోతే కెమెరాకు పడని చోటును ఖాళీ అని రాయాలి. అంటే మా ఊరు ఖాళీ."

"మరి మీరేటైపోతారు?"

పైడిరాజుకు భార్య రత్నాలు, పెరట్లో కాపుకొచ్చిన జామచెట్టు గుర్తొచ్చాయి. "మేం సర్దుకుంటాం లెండి. మాకలవాటే," అని చివరి గడిలో "ఖాళీ" అని రాసి సంతకం పెట్టాడు. పెట్టాక మాత్రం మనసు హాయిగా ఉంది.

తహసీల్దారు విమలాదేవి పటం చూసి, "కొలత చక్కగా కుదిరింది పైడిరాజుగారూ," అని మెచ్చుకుంది. ఖాళీ స్థలంలో ఆఫీసు నడపకూడదన్న నిబంధన ఎక్కడైనా ఉందా అని వెతికించింది. లేదని తేలాక ముద్ర వేసింది. నడిబొడ్డు బతికిపోయింది. ఖాళీ స్థలం నుంచి వచ్చే అర్జీలు తీసుకోనక్కర్లేదు కాబట్టి సోమవారాలు సిబ్బందికి కాస్త ఊపిరాడింది. పై వారం లారీలు దారి మార్చుకుని ఊళ్ళోకే వచ్చి చెత్త పోసి పోయాయి. జనం ముక్కులు మూసుకుని పక్కనుంచి నడిచారు.

ఆఫీసు ఎదుట టీ కొట్టు నడిపే సింహాచలం గ్లాసు కడుగుతూ అడిగాడు: "రికార్డు పెకారం మనం లేనట్టేనటగా సార్?"

"అవును," అన్నాడు పైడిరాజు, తప్పు చేసినవాడిలా.

"ఎప్పట్నుంచి?"

"ఈ నెల ఒకటో తారీకు నుంచి."

"ఒకటి నుంచేనా?" సింహాచలం నిజంగానే ఆశ్చర్యపోయాడు. "మొన్నటిదాకా ఉన్నామన్నమాట అయితే. ఎవులూ సెప్పలేదే," అని టీ పోసి చేతికిచ్చాడు.