అవ్వ కత్తెరకు లైసెన్సు

మనిషికి గుట్టు ఎందుకండీ? ఒంట్లో జబ్బు, నడుముకు కట్టుకున్న మూట, ఫోన్ నంబరు, అన్నీ గేటు దగ్గరే బయటపెట్టించే ఫంక్షన్ హాళ్ల సెక్యూరిటీ వాళ్లకు మనం చేతులెత్తి దండం పెట్టాలి! ఇంటిగుట్టు లంకకు చేటు అని పెద్దలు ఊరికే భయపెట్టారు. లంకకే ఇలాంటి గేటు ఉండి ఉంటే చెప్పడానికి విభీషణుడి దగ్గర గుట్టంటూ మిగిలేది కాదు.

నమ్మకం కుదరడం లేదా? అయితే పోయిన డిసెంబరులో సూరత్‌లోని అడాజన్‌లో జరిగిన పెళ్లి సంగతి వినండి.

ఆ ఊళ్లోనే వడోద్‌లో మా పక్క గదిలో నర్సింగం ఉంటాడు. నాలాగే మగ్గాల కార్ఖానాలో పని. అతని పెద్ద కూతురు ప్రసన్న పెళ్లి అది. కరోనా కాబట్టి వంద మందికే అనుమతి. అందుకని గేటు దగ్గర ఒక టేబులు, దాని మీద ఒక రిజిస్టరు, దాని వెనక ఒక గార్డు. పేరు, వయసు, ఫోన్ నంబరు, జ్వరం ఎంత, పాత జబ్బులేమిటి, అన్నీ చెప్పాలి. మూతికి మాస్కు ఉంటే మాట వినపడదు కదా, అందుకని అరిచి చెప్పాలి. నేను "షుగర్!" అని అరిచాను.

ఎంత మేలు జరిగిందో చూడండి. రెండేళ్లుగా మా ఆవిడ మంగ దగ్గర దాచిన భారం ఒక్క అరుపుతో దిగిపోయింది. భోజనాల దగ్గర నా విస్తట్లో లడ్డూ పడలేదు. వడ్డించే ఆయన కూడా రిజిస్టరు చదివాడట! ఫీజు తీసుకోకుండా ఇంత శ్రద్ధ ఏ డాక్టరు చూపిస్తాడు?

రిజిస్టరు తెరిచే ఉంటుంది, ఎవరైనా చదువుకోవచ్చు. నర్సింగం చిన్నకూతురు సింధూజకు మర్నాటి నుంచి ముక్కూమొహం తెలియని నలుగురు పొద్దున్నే గులాబీ పూల మెసేజులు పంపుతున్నారు. ఈ రోజుల్లో సొంత మేనమామలకైనా ఉందా అంత ఆప్యాయత?

గోడ మీద ఒక బోర్డు కూడా ఉంది: ఆయుధాలు లోపలికి తేరాదు. బోర్డు ముందు కారు దిగాడు మా కార్ఖానా సేటు. సఫారీ చొక్కా కింద, నడుము దగ్గర ఇంత ఎత్తున ఉబ్బు. అది లైసెన్సు పిస్తోలని కార్ఖానాలో అందరికీ తెలుసు. గార్డు సెల్యూట్ కొట్టాడు. రిజిస్టరులో "సేఠ్‌జీ" అని మాత్రం రాశాడు. వయసు లేదు, నంబరు లేదు, జబ్బు అసలే లేదు.

నేను మెల్లగా బోర్డు వైపు వేలు చూపించాను.

"లైసెన్స్ హై భాయ్," అన్నాడు గార్డు. "ఔర్ దిఖ్ థోడీ రహా హై?"

లైసెన్సు ఉంది, పైగా కనబడటం లేదు కదా! నిజమే. తుపాకీ ఉన్నవాడు దాన్ని నలుగురికీ కనబడకుండా కప్పి ఉంచుకోవాలట, జనం బెదరకుండా. ఎంత దయగల నియమం! పాపం ఆ బోర్డు మాత్రం ఏం చేస్తుంది, దానికీ కనబడలేదు.

తర్వాత వంతు నర్సింగం తల్లి వెంకటవ్వది. నుదుటికి జ్వరం చూసే తుపాకీ గురిపెట్టారు, పాసయింది. నడుముకు కట్టుకున్న గుడ్డసంచి విప్పించారు. అందులోంచి బయటపడింది వేలెడంత కత్తెర.

సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చిన నాడు తెచ్చుకున్న కత్తెర అది. నలభై ఏళ్లు చీరల దారాలు కత్తిరించింది. ఆ ఇంటి ఆనవాయితీ ఒకటుంది: పెళ్లిబట్ట అంచున పోగులు వదిలేసి తెస్తారు, ఇంట్లో పెద్దామె పందిట్లో తన చేత్తో, తన కత్తెరతో కోస్తుంది. ఆ తర్వాతే తాళి. ఆరు నెలలుగా అవ్వ ఆ గడియ కోసమే బతికింది.

"హథియార్," అన్నాడు గార్డు. ఆయుధమట!

"ఏంది బిడ్డా, గీ కత్తెరతోని ఎవని గొంతు కోస్త? నాకు దారమే సక్కగ కనవడది!"

"జర ఇయ్యి భయ్యా, పోరి పెండ్లి," అని నర్సింగం బతిమాలాడు. గార్డు కత్తెరను డబ్బాలో వేసి తాళం పెట్టాడు. లైసెన్సు చూపించలేదు, పైగా కనబడిపోయింది!

ముహూర్తం వచ్చింది. హాలులో వంద మందిమి, ఎవరి దగ్గరా బ్లేడు ముక్క లేదు. ఉన్న ఆయుధమల్లా సేటు నడుములోదే. దానితో దారం కోయడం ఎలాగో ఆయనకూ తెలియదు. వంటవాళ్ల కత్తి తెస్తామంటే అవ్వ ఒప్పుకోలేదు.

"ఉల్లిగడ్డలు కోసిన కత్తి పెండ్లిబట్టకు ముట్టిస్తరా?"

నర్సింగం గేటుకు పరుగెత్తాడు. డబ్బా తాళం చెవి సూపర్‌వైజరు దగ్గరుంది, సూపర్‌వైజరు చాయ్‌కి పోయాడు. పంతులు తొందరపెడుతున్నాడు. అవ్వ మాస్కు దించి, మిగిలిన నాలుగు పళ్లతో దారాలు కొరకబోయింది. కత్తెర ఇవ్వడానికి గేటు వదలని గార్డు అప్పుడు మాత్రం పరుగున వచ్చాడు. "మాస్క్! మాస్క్!"

సగం కొరికిన పోగులు వేలాడుతుండగానే తాళి కట్టేశారు. అవ్వ ఏడ్చింది. నాకూ కళ్లు చెమర్చాయి. శానిటైజరు ఘాటు అనుకోండి.

పెళ్లయ్యాక వేలిముద్ర వేయించుకుని కత్తెర తిరిగిచ్చారు. రిజిస్టరులో ఇప్పటికీ ఉంది చూడండి: వెంకటవ్వ, డెబ్బై రెండు, బీపీ, ఆయుధం ఒకటి.

సింధూజకూ సంబంధం కుదిరింది. వేసవిలో పెళ్లి. అదే హాలు, అదే గేటు. మొన్న అవ్వ నా దగ్గరికి వచ్చి కూర్చుంది.

"గప్పుడన్న కోయనిస్తరా, బిడ్డా?"

అందుకే తుపాకీ లైసెన్సుకు దరఖాస్తు పెట్టాను. నవ్వకండి! నాకు తుపాకీ వద్దు. లైసెన్సు కాగితం ఒకటి, నడుముకు కట్టుకునే తోలుసంచి ఒకటి చాలు. చొక్కా కింద ఉబ్బు కనబడితే గార్డు సెల్యూట్ కొడతాడు, నా షుగర్ సంగతి అడగడు. లోపలికి పోయాక ఆ సంచిలోంచి కత్తెర తీసి అవ్వ చేతిలో పెడతాను.

ఆయుధం ఎందుకు కావాలో కారణం రాయమన్నారు. ఉన్నమాటే రాశాను: పెళ్లిబట్ట దారాలు కోయాలి.