ప్లాట్‌ఫారం మారుస్తున్నాను, దయచేసి కదిలించకండి

శనివారం పొద్దున్నే మా ఇంట్లో యుద్ధం జరిగింది. కారణం, ఫ్రిజ్‌లో నీళ్ల సీసా. ఆ సీసా అడుగున అరగుక్క నీళ్లు.

మా ఇంటికో చట్టం ఉంది. సీసా ఖాళీ చేసినవాళ్లే దాన్ని నింపాలి. అందుకని మా ఇంట్లో సీసా ఎవరూ ఖాళీ చెయ్యరు! అడుగున అరగుక్క వదిలేసి, మూత గట్టిగా బిగించి, ఎంతో మర్యాదగా మళ్లీ లోపల పెట్టేస్తారు. అడిగితే "అందులో ఇంకా నీళ్లున్నాయిగా" అంటారు. ఉన్నాయి. పిచ్చుక గొంతు తడుపుకోవడానికి సరిపోతాయి.

"ఆ సీసా నేను ముట్టుకోనే లేదు," అన్నారు మా ఆయన, తడి మీసం తుడుచుకుంటూ.

"నేను గ్లాసులో పోసుకున్నానమ్మా, సీసా ఎత్తి తాగలేదు," అంది కాలేజీకెళ్లే మా అమ్మాయి. అడిగినదానికీ ఆ జవాబుకీ సంబంధమేమిటో దానికే తెలియాలి.

"అరగుక్క అంటే ఎన్ని మిల్లీలీటర్లే? కొలిచావా?" అన్నారు మా అత్తగారు. ఆవిడ ముప్ఫై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. లెక్కలు మాత్రం ఇంకా రిటైరవలేదు.

ఇంత చక్కటి విషయం కాళ్ల దగ్గరికి నడిచొస్తే, సొంత బ్లాగున్న మనిషి ఏం చేస్తుంది? వెంటనే కూర్చుని రాసేస్తుందనుకుంటున్నారు కదూ? ఎంత అమాయకులండీ మీరు! వెంటనే కూర్చుని ప్లాట్‌ఫారం మారుస్తుంది.

నవ్వకండి. పూర్తి బాధ్యతతో చెబుతున్నాను. ఈ కాలపు గృహిణికి దొరికిన వరాల్లో మొదటిది వాషింగ్ మెషీనైతే, రెండోది బ్లాగు ప్లాట్‌ఫారం. ఇంటర్నెట్‌లో మన రాతలు పెట్టుకోవడానికి చోటిచ్చే కంపెనీలన్న మాట. అవి ఒకటీ అరా కాకుండా డజన్లకొద్దీ ఉండటం, దేనిలోనూ అన్నీ కుదరకపోవడం, వరం మీద వరం!

ఎందుకో చెబుతాను వినండి.

మీరు మధ్యాహ్నం లాప్‌టాప్ ముందు కూర్చున్నారు. "ఏం చేస్తున్నావ్?" అని ఇంట్లో ఎవరో అడిగారు. "రాస్తున్నాను" అన్నారనుకోండి, మీ పని అయిపోయిందన్నమాటే. "ఓ, ఖాళీగానే ఉన్నావన్న మాట! ఈ చొక్కాకి గుండీ కుట్టిపెట్టు" అంటారు. అదే, కళ్లజోడు ముక్కు మీదికి జార్చి, నుదురు చిట్లించి, "ప్లాట్‌ఫారం మారుస్తున్నాను" అని చూడండి! ఇల్లంతా మునివేళ్ల మీద నడుస్తుంది. టీవీ సౌండు తగ్గుతుంది. ఒకసారైతే మా ఆయన తనే టీ కాచుకుని, నాకూ అరకప్పు తెచ్చి, "జరుగుతోందా?" అని గుసగుసగా అడిగి వెళ్లారు. ఆపరేషన్ థియేటర్ బయట నిలబడ్డ బంధువులా!

రాయడం పని కాదు. రాయడానికి చోటు వెతకడం పని. ఈ సూత్రం కనిపెట్టడానికి నాకు ఆరేళ్లు పట్టింది.

ఆ ఆరేళ్లలో నేను అయిదు ప్లాట్‌ఫారాలు మారాను. మొత్తం పదకొండు పోస్టులు రాశాను. అందులో అయిదు "మిత్రులారా, నేను ఇక్కడికి మారాను" అనేవి. నాలుగు "త్వరలో చాలా రాయబోతున్నాను" అనేవి. ఒకటి "టెస్ట్". ఇంకొకటి "టెస్ట్ 2". ఉన్నంతలో "టెస్ట్ 2" శైలిపరంగా కొంచెం మెరుగు.

మొదటి ప్లాట్‌ఫారం మహా తేలిక. అంత తేలికైనదాంట్లో గొప్ప రచన పుట్టదని మానేశాను. రెండోదాంట్లో అన్నీ మన ఇష్టం! అక్షరం సైజు మన ఇష్టం, గీత మందం మన ఇష్టం, పేజీ పక్కన ఖాళీ ఎంతుండాలో మన ఇష్టం. నలభై రకాల నీలం రంగులున్నాయి. నేను అలమరలో చీరలు కూడా అంత శ్రద్ధగా చూడలేదు. ఇరవై మూడో నీలానికీ ఇరవై నాలుగో నీలానికీ మధ్య మూడు నెలలు నలిగిపోయాను. చివరికి తెలుపు పెట్టాను. మూడోది చూడటానికి అప్సరస, కానీ తెలుగు ఒత్తులన్నిటినీ పక్కవాక్యం మీదికి తోసేసేది. నాలుగోదాంట్లో నా పోస్టు తెరిస్తే ముందు బూట్ల ప్రకటన వచ్చేది. నేను మనసు గురించి రాయాలనుకుంటుంటే బూట్లెందుకు?

ఇక అయిదోది. దాని సంగతి చెప్పాలంటే ముందు మా మరిది గురించి చెప్పాలి.

మా మరిది మా పై వాటాలోనే ఉంటాడు. ఆఫీసులకి కంప్యూటర్ నెట్‌వర్కులు వేస్తాడు. మా ఇంట్లో ప్లగ్గు పెట్టి తీసినా అతన్నే పిలుస్తాం. అయిదో ప్లాట్‌ఫారం తెరిచిన రోజున ఒక ప్రశ్న వచ్చింది: "మీ బృందంలో ఎంతమంది?"

"నేనొక్కదాన్నే కదా," అన్నాను.

"అయ్యో వదినా! ఒక్కళ్లే అంటే వాడు మనల్ని లెక్కచెయ్యడు. కంపెనీలా కనపడాలి," అంటూ టకటకా నొక్కేశాడు. అయిదుగురు. నేను, మా ఆయన, అత్తగారు, అమ్మాయి, తను. అందరి ఫోన్లలోనూ బ్లాగు పెట్టేశాడు. అందరికీ దిద్దే అధికారం, తీసేసే అధికారం. "మీకెప్పుడైనా ఒంట్లో బాగోకపోతే మేం చూసుకుంటాం కదా," అన్నాడు. ఎంత ముందుచూపు! ప్రపంచంలో ఏ రచయిత్రికైనా ఇంతమంది సిబ్బంది ఉంటారా? నాకు కళ్లు చెమర్చాయి.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, ఆ శనివారం నా చేతుల్లో ఒక తప్పు జరిగిపోయింది.

రాసేశాను.

నిజానికి ఆరో ప్లాట్‌ఫారం వెతుకుదామనే కూర్చున్నాను. ఒట్టు! కానీ ఆ అరగుక్క మనసులోంచి పోలేదు. ఇరవై నిమిషాల్లో గబగబా వచ్చేసింది. నీళ్లు తాగేవాళ్ల గురించీ, నింపేవాళ్ల గురించీ. ఒక ఇంట్లో ఎవరు ఎవర్ని లెక్కచేస్తున్నారో తెలుసుకోవడానికి బంగారం తూచక్కర్లేదు, ఫ్రిజ్ తలుపు తీస్తే చాలు అని ఆఖరి వాక్యం. చదువుకున్నాను. ఒక్క మాట అటూ ఇటూ చెయ్యాలనిపించలేదు. ఎప్పుడూ కూరలో ఉప్పు సరిపోయిందని ఒప్పుకోని దాన్ని, ఆ ఒక్క పేజీ సరిగ్గా కుదిరిందని ఒప్పుకున్నాను. ఆరేళ్లుగా నాకు కావలసింది అదే. నా ఇష్టప్రకారం నిలబడ్డ ఒక్క పేజీ. పబ్లిష్ నొక్కేసి, బట్టలారేయడానికి మేడమీదికి వెళ్లాను.

పావుగంట తర్వాత ఫోన్ మోగింది. ఎవరో చదివారు! కామెంట్ పెట్టారు! తడి చేతులతోనే చూశాను.

"మా ఇంట్లోనూ అరగుక్కేనండీ! నాకొక్కదానికే ఇలా అనిపిస్తుందేమో, నాదే చాదస్తమేమో అనుకున్నాను. పదహారేళ్ల నుంచీ నింపుతున్నాను. ఇవాళ నింపకుండా మీ పోస్టు చదువుతూ కూర్చున్నాను."

ఎవరో తెలియదు. ఏ ఊరో తెలియదు. తువ్వాలు తీగ మీద వెయ్యబోయి భుజాన వేసుకుని, అక్కడే చెప్పుల్లేకుండా అటూ ఇటూ నడిచాను. ఎండకి కాళ్లు కాలుతున్న సంగతి కిందికొచ్చాక తెలిసింది.

నేను పైన కాళ్లు కాల్చుకుంటుండగా, కింద నా సిబ్బంది డ్యూటీ ఎక్కేసింది.

మొదట మా ఆయన. ఆయన ఆఫీసులో నోటీసులు తయారుచేసే సీటులో ఉంటారు. నేను "మా ఆయన సీసా నింపరు" అని రాసినచోట, "కొన్ని అనివార్య కారణాల వల్ల సీసా నింపు కార్యక్రమం వాయిదా పడినది" అని పెట్టారు. అబద్ధమేమీ కాదు కదా! పాతికేళ్లుగా వాయిదా పడుతూనే ఉంది.

తర్వాత అత్తగారు. ఆవిడకి చూపు కొంచెం తగ్గింది కాబట్టి ఫోన్ చేతే పైకి చదివించుకుంటారు. ఫోన్‌లో ఆడగొంతు నా పోస్టుని రైలు రాకపోకలు చెప్పినట్టు చదివిందట. "అరగుక్క" తీసేయించి "సుమారు ఎనిమిది మిల్లీలీటర్లు" అని పెట్టించారు. "ఎవరైనా కొలిచావా అని అడిగితే ఏం చెబుతావే? నీ మంచికే," అన్నారు తర్వాత నాతో. మనవరాలిని పిలిచి ఆ మార్పు చేయించారు. పిలిచారు కాబట్టి మా అమ్మాయి తనదీ ఒక చెయ్యి వేసింది. "నా ఫ్రెండ్స్ చూస్తే పరువు పోతుంది," అని తన ప్రస్తావన మొత్తం ఎత్తేసి, ఆ ఖాళీలో పొద్దుతిరుగుడు పువ్వు బొమ్మ పెట్టింది.

ఆఖరికి మరిది వచ్చి, పోస్టు మరీ పొడుగ్గా ఉంటే ఫోన్‌లో బాగోదని కత్తిరించాడు.

నేను కిందికొచ్చేసరికి ప్రపంచం ముందు నిలబడి ఉన్న నా పోస్టు ఇది:

"మా ఇంట్లో అందరం నీళ్లు బాగా తాగుతాం. నీరు ఆరోగ్యానికి మంచిది. కొన్ని అనివార్య కారణాల వల్ల సీసా నింపు కార్యక్రమం వాయిదా పడినది. మిగులు: సుమారు ఎనిమిది మిల్లీలీటర్లు."

పక్కన పువ్వు.

ఇందుకు నేను కోప్పడ్డాననుకుంటున్నారా? ఛ! ఎంత సహకారం! ఎంత ఐకమత్యం! ఒక్క సీసా నింపడానికి నలుగురిలో ఒక్కరికీ తీరలేదు గానీ, ఆ సీసా గురించి రాసినదాన్ని ఖాళీ చెయ్యడానికి నలుగురికీ తీరింది. పైగా సగమూ పావూ వదలకుండా పూర్తిగా ఖాళీ చేశారు!

నవ్వుకుంటూనే కామెంట్ కోసం కిందికి జరిపాను. అది లేదు.

పైకీ కిందికీ రెండుసార్లు జరిపాను. లేదు.

"ఇక్కడ ఒకావిడ కామెంట్ ఉండాలే?" అన్నాను.

"ఎవరో వదినా, పోస్టుకి సంబంధం లేకుండా 'మా ఇంట్లోనూ అరగుక్క' అని ఏదేదో రాసింది," అన్నాడు మరిది. "మన పోస్టులో అరగుక్కే లేదు కదా! స్పామ్ అనుకుని తీసేశాను. మళ్లీ రాకుండా బ్లాక్ కూడా చేశాను. ఇలాంటివాళ్లతో జాగ్రత్తగా ఉండాలి."

"మంచి పని చేశావురా," అన్నారు మా ఆయన. "ఊరూ పేరూ తెలియనావిడకి మన నీళ్లతో ఏం పని?"

ఆరేళ్లలో నాకు దొరికిన మొదటి పాఠకురాలు. ఎండలో చెప్పుల్లేకుండా నన్ను నడిపించిన మనిషి. పదహారేళ్లకి ఒక్కసారి కూర్చుని చదువుకుంటే, ఆవిడ మొహాన తలుపేసేశాం. ఆవిడేమనుకుని ఉంటుంది? నాదే చాదస్తమని మళ్లీ లేచి సీసా నింపుకుని ఉంటుంది.

వెళ్లి లాప్‌టాప్ ముందు కూర్చున్నాను.

"ఏం చేస్తున్నావ్?" అన్నారు మా ఆయన.

"ప్లాట్‌ఫారం మారుస్తున్నాను."

టీవీ సౌండు తగ్గింది. అందరూ మునివేళ్ల మీద పక్కకెళ్లిపోయారు. వరమన్నానా లేదా?

ఈసారి నలభై నిమిషాల్లో అయిపోయింది. నీలం రంగు అడిగితే మొదటిదే నొక్కాను. పోస్టు పాత రూపం ఎక్కడా దొరకలేదు. అయితేనేం, అక్షరం పొల్లుపోకుండా నాకు నోటికొచ్చు. మళ్లీ కొట్టి పెట్టాను.

మర్నాడు ఆదివారం. మధ్యాహ్నం భోజనానికి మరిది కూడా కిందికొస్తాడు. అందరికీ వడ్డించి, నేనూ కూర్చున్నాక చెప్పాను.

"బ్లాగు మార్చేశాను."

"అబ్బ, మంచిది వదినా! ఏదీ? పాస్‌వర్డ్ చెప్పండి, అందరి ఫోన్లలో పెట్టేస్తాను," అన్నాడు మరిది, ఎడంచేత్తో ఫోన్ తీస్తూ.

"చెప్పను."

"పోనీ బ్లాగు పేరైనా చెప్పమ్మా," అంది అమ్మాయి.

"చెప్పను. నా పేరు కూడా పెట్టలేదు. వేరే పేరుతో రాస్తున్నాను. పాత బ్లాగు మీ నలుగురిదీ. మీ ఇష్టమొచ్చినట్టు దిద్దుకోండి, పువ్వులు పెట్టుకోండి. నేను అందులోంచి తప్పుకున్నాను."

గరిటె ఎవరి చేతిలో ఉందో వాళ్ల చేతిలోనే ఆగిపోయింది. అది అత్తగారి చేతిలో ఉంది.

"అదేమిటే! మరి తప్పులుంటే ఎవరు చూస్తారు?" అన్నారావిడ.

"ఉంటాయి అత్తయ్యా. నావే ఉంటాయి."

మా ఆయన నోట్లోది మింగి, గొంతు తగ్గించి అడిగారు. "ఇంతకీ... అందులో నా గురించి ఏం రాశావ్?"

చూశారా! ఆరేళ్లలో ఈ ఇంట్లో ఒక మనిషి నేను ఏం రాశానని అడగడం అదే మొదలు. నాకు ఎంత సంతోషమేసిందంటే, ఆయనకి అడక్కుండానే ఇంకో గరిటె వడ్డించాను.

"గృహిణులు రాసే బ్లాగులు బోలెడున్నాయండీ," అన్నాను. "ఒక్కొక్కటే చదువుకుంటూ రండి. వాటిల్లో మన ఇల్లేదో గుర్తుపట్టగలరేమో చూద్దాం."