సత్యప్రసాద్‌కి సుఖప్రసవం

గురువారం పొద్దున సత్యప్రసాద్ వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నంలోగా టెస్టింగ్ ముగించాలి. తర్వాత అమలాపురంలో ఉన్న భార్య జమునకి ఫోన్ చేసి, ఈసారైనా "ఒకసారి వచ్చి వెళ్ళు" అనాలి.

ఆ ఒక్క మాట అనడానికి అతనికి ఏడాదిగా నోరు రావడం లేదు. జమున అక్కడ బ్యాంకులో ఆఫీసరు, సెలవు దొరకడం కష్టం. అడిగి ఇబ్బంది పెట్టడమెందుకని అతను "నాకేం, బాగానే ఉన్నాను" అనేవాడు. ఆయనకి నా అవసరం ఏముందిలే అనుకుని ఆమె "సరే, జాగ్రత్త" అనేది. గల్ఫ్ దేశంలో, బుసైతీన్ అనేచోట అతనుండే ఫ్లాటు మీదుగా దిగే విమానాలన్నీ హైదరాబాదు నుంచే వస్తున్నట్టు అతనికి అనిపించేది. బియ్యం ఇప్పటికీ ఇద్దరికి సరిపడానే పోస్తాడు. మిగిలిన అన్నం మర్నాడు పెరుగేసుకుని తింటాడు.

అక్కడికి దగ్గర్లోనే, సీఫ్‌లోని ఒక ప్రైవేటు ఆస్పత్రిలో అతను బిజినెస్ అనలిస్టు. డాక్టర్లకి ఏం కావాలో సాఫ్ట్‌వేర్ వాళ్ళకి చెప్పడం, సాఫ్ట్‌వేర్ ఏం చెయ్యలేదో డాక్టర్లకి నచ్చజెప్పడం అతని పని. ఇరుపక్షాలూ అతన్నే తిడతారు. ఇప్పుడు కొత్తగా ఒక ఏర్పాటు వస్తోంది. పేషెంటు చేరగానే సొంత దేశంలో ఉన్న బంధువు ఫోన్‌కి సందేశం వెళ్ళాలి, ఆ తర్వాత ఏ వార్డులో ఏం జరిగినా వెళుతూ ఉండాలి. దాన్ని పరీక్షించడానికి ఒక ఉత్తుత్తి పేషెంటు కావాల్సి వచ్చి, సత్యప్రసాద్ తన పేరే రాసుకున్నాడు. బంధువు ఎవరన్నచోట భార్య అని పెట్టాడు. నంబరు దగ్గరికి వచ్చేసరికి వేళ్ళు వాటంతటవే జమున నంబరు కొట్టేశాయి. టెస్టింగ్ సందేశాలు బయటికి పోవు కదా అనుకున్నాడు. సర్వర్ మార్చినవాళ్ళు ఆ పొద్దున్నే అసలు లైను కలిపేశారని అతనికి ఎవరూ చెప్పలేదు.

అన్ని వార్డుల సందేశాలూ వరసగా పోయేలా బటన్ నొక్కి మీటింగుకి వెళ్ళాడు. మేనేజరు శ్రీనివాసరాజు మీటింగంటే ఫోన్లన్నీ గుమ్మం దగ్గర బుట్టలో వెయ్యాల్సిందే.

అమలాపురంలో జమున ఫోన్ మోగింది. "మీ బంధువు సత్యప్రసాద్ ఎమర్జెన్సీలో చేరారు." ఆమె కంగారుగా అతనికి ఫోన్ చేసింది. పలకలేదు. అంతలో రెండోది వచ్చింది. "సత్యప్రసాద్‌ను ఆపరేషన్ థియేటర్‌కు తరలించాము." ఏడాదిగా సెలవంటే మొహం తిప్పుకునే బ్రాంచి మేనేజరు, ఆ సందేశం చూడగానే అడక్కుండానే సెలవిచ్చేశాడు.

జమునకి ముత్తన్న గుర్తొచ్చాడు. జగిత్యాల మనిషి. సత్యప్రసాద్ బిల్డింగులోనే కింద ఉంటాడు, అదే ఆస్పత్రిలో వ్యాను నడుపుతాడు.

"సారు పొద్దుగాల మంచిగనే పోయిండ్రమ్మా," అన్నాడు ముత్తన్న. "నేను దవాఖాన్లనే ఉన్న. లైన్ల ఉండుండ్రి, అడిగి చెప్త."

రిసెప్షన్‌లో అమ్మాయి కంప్యూటర్‌లో అసలు పేషెంట్ల జాబితా చూసి, ఆ పేరుగల పేషెంటే లేడంది. ముత్తన్నకి ప్రాణం లేచొచ్చింది. ఆ సంతోషంలోనే ఫోన్‌లో చెప్పాడు.

"అమ్మా, సారు లేరంటున్నరు. ఖలాస్..."

"ఇగ ఫికర్ లేదు" అనే మిగతా మాట చేరేలోపు లైను తెగిపోయింది.

జమున కౌంటరు పక్కన నేలమీద కూలబడింది. క్యాషియర్ నరసాయమ్మ ఆమెని పొదివి పట్టుకుని, సందేశం కింద ఉన్న ఆఫీసు నంబరుకి తనే ఫోన్ చేసింది. అది సత్యప్రసాద్ ఆఫీసుదే. మీటింగు గదిలోని ఫోన్ మోగితే శ్రీనివాసరాజు ఎత్తాడు.

"మేం సత్యప్రసాద్ గారి వాళ్ళమండి," అంది నరసాయమ్మ. "ఆయన్ని ఇంటికెప్పుడు పంపిస్తారు?"

ఇంట్లోవాళ్ళ చేత సెలవడిగిస్తున్నాడని రాజు ఎదురుగా కూర్చున్న సత్యప్రసాద్ వంక కోపంగా చూశాడు. "ఇప్పుడు పంపడం కుదరదండి. ఇక్కడి పని తేలాక, వచ్చే నెల చూద్దాం."

"వచ్చే నెల దాకా అక్కడ ఎలా ఉంచుతారండి?"

"ఏసీ గదిలోనే ఉంచాం కదండీ. ఆయనకేం ఇబ్బంది లేదు. ఇంతవరకు నోరెత్తలేదు కూడా."

నరసాయమ్మ ఫోన్ పెట్టేసింది. పక్క కౌంటర్లవాళ్ళు చుట్టూ చేరారు. అంతలో జమున ఫోన్ మళ్ళీ మోగింది. ఆమె చూడలేదు. నరసాయమ్మే కళ్ళు తుడుచుకుని, పైకి చదివింది.

"అభినందనలు. సత్యప్రసాద్‌కు సుఖప్రసవమైంది. తల్లీబిడ్డా క్షేమం."

జమున ఫోన్ లాక్కుని తనూ చదివింది. మళ్ళీ చదివింది. ఏడాదిగా మొగుడు ఫోన్‌లో ఆ సాఫ్ట్‌వేర్ గోలంతా చెబుతుంటే ఊ కొట్టిన మనిషి కాబట్టి ఏం జరిగిందో అర్థమైపోయింది. ఏడుపు ఆగకుండానే నవ్వు వచ్చింది.

మీటింగయ్యాక సత్యప్రసాద్ బుట్టలోంచి ఫోన్ తీసి, జమున చేసిన కాల్స్ చూసి హడలిపోయాడు. కంప్యూటర్ దగ్గరికి పరిగెత్తి, వెళ్ళిపోయిన సందేశాలు చూశాడు. నంబరు నొక్కాడు.

"జమునా, అదంతా టెస్టింగ్. నాకేం కాలేదు. నేను బాగానే..."

"తెలిసింది లెండి. మగపిల్లాడా, ఆడపిల్లా?"

అతను నవ్వబోయాడు. ఆమె గొంతు ఇంకా కుదుటపడలేదని తెలిసి ఆగిపోయాడు.

"సెలవిచ్చేశారండీ," అంది జమున నెమ్మదిగా. "అక్కర్లేదని చెప్పెయ్యనా? మీరు బాగానే ఉన్నారుగా."

సత్యప్రసాద్ కిటికీ వైపు తిరిగాడు. చుట్టూ జనం ఉన్నారు. రాజు గుమ్మంలో నిలబడి ఇటే చూస్తున్నాడు.

"బాగాలేను," అన్నాడు. "ఎప్పుడూ బాగానే ఉన్నానని అబద్ధం చెప్పాను. ఒక్కణ్ణీ ఉండలేకపోతున్నాను జమునా. వచ్చెయ్."



"ఈ ముక్క మీ చేత చెప్పించడానికి ఒక ఆపరేషనూ ఒక కాన్పూ కావాల్సొచ్చాయి," అంది జమున. "వస్తున్నాను."

వీసా రాగానే బయల్దేరింది. విమానాశ్రయంలో ట్రాలీ తోసుకుంటూ బయటికొచ్చి, ఇస్త్రీ చొక్కాలో నిలబడ్డ మొగుణ్ణి చాలాసేపు కళ్ళారా చూసుకుంది. తర్వాత కళ్ళు తుడుచుకుని ఫోన్ బయటికి తీసింది.

"మీకు నిజంగానే ఆపరేషనైందనుకుని మా మేనేజరు ఫోటో పంపమన్నారండీ. కాస్త నీరసంగా నిలబడండి."