రేటు తడవరాదు

పెద్ద వరద ఇళ్ల కప్పులు ఎత్తుకుపోయిన మరుసటి ఏడు, మంత్రిగారు షేర్ల బజారు మెట్లెక్కి ప్రకటించారు: “ఇక వరదొస్తే మనం మునగం, తేలతాం! పడవల కంపెనీ పెట్టించాను.”

పడవను ఎవరూ చూడలేదు. మంత్రిగారంతటి వారు చెప్పాక చూస్తామనడం మర్యాద కాదు.

బజారు గోడకున్న పెద్ద రేకు బోర్డు మీద సుద్దతో రేట్లు రాసే ముసలాయన్ని అందరూ బోర్డుమామ అనేవాళ్లు. మొదటిరోజు పడవల కంపెనీ షేరు పది అని రాశాడు. జనం కొన్నారు. కొన్నారు కాబట్టి ఇరవై రాశాడు. పెరిగింది కాబట్టి ఎగబడి కొన్నారు. నెల తిరిగేసరికి తొమ్మిది వందలు! పాలవాడు గేదెల్ని అమ్మి కొన్నాడు. ఊరంతా పాలు లేని టీ తాగింది, సంతోషంగానే. మామ కూడా ఇంటికప్పు కోసం దాచిందంతా అందులోనే పోశాడు.

“ఏమయ్యా, కప్పేదీ?” అంది భార్య, వంటింట్లోంచి ఆకాశం చూస్తూ.

“పెరుగుతోంది.”

“కప్పా?”

“రేటు.”

“అయితే వానొస్తే రేటు కింద దూరి పడుకుందాంలే.”

ఓ మంగళవారం మంత్రిగారి బావమరిది తన షేర్లన్నీ అమ్మేసి, అందరికీ దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు. మధ్యాహ్నానికి అందరూ అమ్మేవాళ్లే. కొనేవాడు కాగడా పెట్టి వెతికినా లేడు. మామ తొమ్మిది వందలు తుడిచి నాలుగు వందలు వేయబోయాడు.

సైరన్ మోగింది. మంత్రిగారు కారు దిగారు.

“ఆగవయ్యా! రేటెందుకు పడిపోతోందో ఇప్పుడు తెలిసింది. నువ్వు తుడుస్తున్నావు!”

తుడుపుగుడ్డను పోలీసులు స్వాధీనం చేసుకున్నారు. తొమ్మిది వందల్ని ఆయిల్ పెయింటుతో రాయించారు. పతనం ఆగిపోయింది. ఇంత చవగ్గా సంక్షోభాన్ని ఆపిన ప్రభుత్వం మరొకటి లేదని మంత్రిగారే ఒప్పుకున్నారు.

మామ నోరు విప్పడమే అరుదు. ఆరోజు విప్పాడు.

“బాబూ, నా షేర్లు ఎవరూ కొనట్లేదు. వరద సాయంలో నాకూ నాలుగు రేకులిప్పించండి.”

“నీ దగ్గర ఎన్నున్నాయి?”

“వంద.”

మంత్రిగారు బోర్డు చూశారు. “తొంభై వేల ఆసామివి! పేదోళ్ల రేకులు అడగడానికి నోరెలా వచ్చిందయ్యా?”

బయట జనం రాళ్లు ఏరుకుంటున్నారు. మంత్రిగారికి బోర్డు మీద బెంగ పట్టుకుంది.

“దీన్ని మీ ఇంటికి పట్టుకుపో. ఒక్కడూ చెరపకూడదు, వానకి తడవకూడదు. ఈ రేటు ప్రభుత్వం పరువు. తెలిసిందా?”

“చిత్తం.”

మర్నాడు పొద్దున్నే మామ నిచ్చెనెక్కాడు. భార్య కిందనుంచి మేకులందించింది. రేకును వంటింటి మీద పరిచి గట్టిగా బిగించాడు, ఆజ్ఞ ప్రకారం అంకెలు తడవకుండా, లోపలివైపుకి.