తూనీగకు తూనిక

"ఇవాళ బరువు పోతే చాలు!" అని గ్రాముల బావ గడ్డం గీసుకుంటూ స్నానాలగదిలోంచి అరిచాడు. ఇటు కుళాయి, అటు వంటింట్లో మిక్సీ. ఆ రెండు హోరుల మధ్య నలిగి, ఆ మాట భార్య చెవిన పడేసరికి మొదటి అక్షరం కాస్త మారింది.

"పరువు పోతే చాలా? పొద్దున్నే అదేం కోరికండీ?"

"అవునే! ఒక్క అరకిలో పోయినా చాలు!"

"మీ దగ్గర అంతెక్కడుందీ!"

ఆవిడ అక్కడితో ఊరుకోలేదు. భర్త బూట్లేసుకుని గడప దాటగానే తమ్ముడికి ఫోన్ చేసింది. "ఒరే, మీ బావ ఇవాళ పరువు పోవాలని కోరుకుంటున్నారురా. మాటతీరు కూడా తేడాగానే ఉంది. కాస్త కనిపెట్టుకుని ఉండు."

"దానికి కోరుకోవడం కూడా ఎందుకక్కా? కష్టపడకుండానే వచ్చే విద్యేగా బావకి!" అన్నాడు తమ్ముడు.

ఈ తమ్ముడు పైలట్. ఆ బావ బరువుల ఇంజినీరు. ఇద్దరూ ఒకే విమానాల షెడ్డులో, అదే హ్యాంగరులో పనిచేస్తారు. శత్రువు జాడ తీసి, అవసరమైతే అక్కడే రెండు దెబ్బలు కొట్టి, ఎదుటివాడు తలెత్తేలోగా మాయమయ్యే వేగమైన యుద్ధ హెలికాప్టరు ఒకటి అక్కడ తయారవుతోంది. నెత్తి మీద ఒకదానిపై ఒకటిగా రెండు రోటర్లు, ఒకటి కుడికి తిరిగితే ఒకటి ఎడమకి, అచ్చం ఆలుమగల్లాగే. వెనకనుంచి తోయడానికి తోక చివర ఇంకో పంకా. దాని పేరు తూనీగ. రెక్కాడితే గాని డొక్కాడని నూట నలభై మంది, ఆ రెక్కలు ఆడతాయో లేదోనని ఆరేళ్లుగా డొక్కలు మాడ్చుకుని పనిచేస్తున్నారు.

తూనీగ ఉన్నాక తూనిక తప్పదు. ఆ తూనిక మన బావది. బోల్టు చూస్తే పొట్టి బోల్టు చాలదా అంటాడు, రంగు వేస్తుంటే రెండో పూత ఎందుకంటాడు. సీట్లు కుట్టే ఆవిడ దారం ముడి చివర కత్తిరించి, ఆ ముక్కను త్రాసులో వేసి మురిసిపోయిన మనిషి. పైలట్ "బావా" అని పిలవడం విని హ్యాంగరంతా అతణ్ణి బావను చేసుకుంది. గ్రాముల పిచ్చి చూసి ఇంటిపేరు కూడా తనే పెట్టింది.

ఆ రోజు పదకొండు గంటలకు సైన్యం తరఫున జనరల్‌గారూ, ఆయన కమిటీ వస్తున్నారు. తూనీగ గంటకు నాలుగు వందల కిలోమీటర్ల వేగం అందుకోవాలి. అంతకన్నా ముందు, నిండు ఇంధనంతో, పైలట్ల బదులు ఇసుక బస్తాలతో, నాలుగు వేల రెండు వందల కిలోలు మించకుండా తూగాలి. ఒక్క కిలో మించినా పరీక్ష రద్దు, ప్రాజెక్టుకు తాళం, నూట నలభై మందీ తలో దారి. మించదని రాతపూర్వకంగా పూచీ పడ్డవాడు గ్రాముల బావ. అతని కాగితాల ప్రకారం అది నాలుగు వేల నూట ఎనభై ఎనిమిది. పన్నెండు కిలోలు మిగులు. ఇంకో అరకిలో తగ్గిద్దామని అతని ఆశ, అంతే.

తొమ్మిదింటికల్లా తూనీగ మూడు చక్రాలూ మూడు త్రాసు పలకల మీద ఎక్కి కూర్చున్నాయి. ఇటుకెత్తు పలకలు, నేల రంగే వాటికీ. కమిటీవారి కుర్చీలకు చోటు కావాలని పనివాళ్లు అంతకుముందే బరువు అంకె చూపే మీటరును ఎడమ చక్రం వెనక్కి, గోడవైపుకు జరిపి పెట్టారు. తూచేటప్పుడు పసుపు గీత దాటి ఎవరూ రాకూడదని బావ శాసనం. అతనొక్కడే వెళ్లాడు. ఆ మూల చీకట్లోకి దూరి, కళ్లజోడు తుడుచుకుని, వంగి అంకె చూశాడు. చూసి మళ్లీ కళ్లజోడు తుడుచుకున్నాడు.

"ఎంతా?" అన్నారు పెద్దాయన. పెద్దాయనంటే తూనీగను కాగితం మీద కన్న ముఖ్య రూపశిల్పి.

"నాలుగు వేల... రెండు వందల... యాభై," అన్నాడు బావ, ఒక్కో మాట తూచి తూచి.

"రాత్రికి రాత్రి అరవై రెండు కిలోలు పెరిగిందా? ఇదేమైనా కొత్త అల్లుడా?"

ఇక చూడండి. నిన్నటిదాకా కలిసి టీ తాగినవాళ్లు వేళ్లు చూపించుకోవడం మొదలెట్టారు.

"నా సీట్లు కాదు! ఆ కరెంటాయన తీగలు చూడండి, కొబ్బరిపీచులా కుక్కాడు!" అంది సీట్లావిడ.

"నా తీగలు సన్నజాజులమ్మా! నీ సీటు వెనకున్న ఉక్కు రేకేమిటీ, కోట గోడా?" అన్నాడు కరెంటాయన.

"అందరూ బానే ఉన్నారు గాని, ఆ పైలట్ బాబు పేరుతో పెట్టిన ఇసుక బస్తా చూశారా? మొన్నటికన్నా ఒళ్లు చేసింది," అన్నాడు రికార్డుల గుమాస్తా.

"మా అక్క నాకు మూణ్ణెల్లుగా చిన్న గిన్నెలో పెడుతోందండీ బాబూ, బావ మాట విని! ఇంకా చిక్కితే నన్నే పంకాగా వాడుకోవచ్చు!" అన్నాడు పైలట్.

పైకి ఎవరికి వారు ఎదుటివాణ్ణి అన్నారేగాని, లోపల ప్రతివాడికీ అనుమానమే: కొంపదీసి నాదేనేమో! అనుమానం పుట్టాక ఊరుకునే మనిషుండడు. బావ లెక్కలు తిరగేస్తూ బల్ల దగ్గర తల పట్టుకున్న సమయంలో, సీట్లావిడ పిల్లిలా వెళ్లి సీటు వెనక రేకు ఊడదీసింది. మెత్తలు కూడా లాగేసింది. ఊడదీసిందేగాని, ఎక్కడ పెట్టడం? హ్యాంగరు గోడ మీద చారెడేసి అక్షరాలతో ఒక నియమం ఉంది: "హెలికాప్టరునుండి తీసిన వస్తువు, చీటీ రాయకుండా హెలికాప్టరు దాటి పోరాదు." చీటీ రాస్తే పేరు రాయాలి, పేరు రాస్తే నేరం ఒప్పుకున్నట్టే. ఆవిడ అటూ ఇటూ చూసింది. తూనీగ పొట్టలో క్షిపణుల గది ఉంది. వేగానికి అడ్డు రాకుండా క్షిపణులను లోపలే దాచుకోవడానికి కట్టిన గది. ఇవాళ ఖాళీ. ఎడమ తలుపు తీసి, రేకూ మెత్తలూ లోపలికి తోసి, తలుపు మూసేసింది. వస్తువు హెలికాప్టరు దాటలేదు, నియమమూ తప్పలేదు. ఆవిడ మనసు దూదిపింజలా తేలికైపోయింది. తూనీగ తప్ప అన్నీ తేలికైపోయాయి.

ఆ తర్వాత కరెంటాయన కుడి తలుపు తీసి అదనపు దీపమూ, తీగచుట్టా లోపల పెట్టాడు. గుమాస్తా అయితే పైలట్ కాళ్ల దగ్గర ఉండే వాడుక పుస్తకాలు, ఒక్కోటి దిండంత లావు, నాలుగు సంపుటాలూ మోసుకొచ్చి దూర్చాడు. పెద్దాయన కూడా, ఎవరూ చూడటం లేదని రూఢి చేసుకుని, ఎక్కడానికి వాడే మడత నిచ్చెన విప్పి అక్కడే పెట్టారు. నియమం రాయించింది ఆయనే మరి.

"మళ్లీ తూద్దామా బావగారూ?" అంది సీట్లావిడ అమాయకంగా. "ఎందుకో తగ్గుంటుందనిపిస్తోంది."

"నాకూ అలాగే అనిపిస్తోంది," అన్నాడు కరెంటాయన.

"నాకు కలొచ్చింది," అన్నాడు గుమాస్తా.

బావ కంగారులో రెండు గ్లాసుల నీళ్లు గటగటా తాగి, మూలకు వెళ్లి, వంగి చూశాడు. మీటరును రెండు చేతులా పట్టుకుని మళ్లీ చూశాడు.

"అరకిలో పెరిగింది!"

నలుగురి మొహాల్లోనూ నెత్తురుచుక్క లేదు. నిలువు దోపిడీ ఇచ్చినా కరుణించని దేవతలా ఉంది తూనీగ. "గాల్లో తేలే వస్తువు కదా, గాలి తిని బలుస్తోందేమో!" అన్నాడు పైలట్. ఎవరూ నవ్వలేదు. అక్క మాట గుర్తొచ్చి అతను బావ మొహంలోకి చూశాడు. ఆ మొహంలో పరువు సంగతి ఏమోగాని, ప్రాణం మాత్రం పావుకిలో కూడా ఉన్నట్టు లేదు.

"ఒరే బామ్మర్దీ," అన్నాడు బావ గొంతు తగ్గించి. "ఆరేళ్లు. ఒక్కో స్క్రూ పేరు పెట్టి పిలవగలన్రా. ఈ అరవై రెండు కిలోలు ఎక్కణ్ణుంచొచ్చాయో తెలీదు. నా సంతకం నమ్ముకుని ఇంతమంది... వాళ్ల మొహం ఎలా చూడను?"

పైలట్ బావ భుజం మీద చెయ్యి వేశాడు.

సరిగ్గా పదకొండింటికి జనరల్‌గారు దిగారు. బుర్రమీసాలు, చిన్న కళ్లు, తక్కువ మాటలు. వెనక ముగ్గురు సభ్యులు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. తూనీగ చుట్టూ ఒక ప్రదక్షిణం చేశారు.

"క్షిపణులు లోపల దాక్కుంటాయటగా? ఆ గది చూపించండి."

"ఎందుకండీ, దుమ్ము!" అంది సీట్లావిడ.

"ఖాళీ గదండీ, చూడ్డానికేముందీ!" అంటూ కరెంటాయన కుడి తలుపుకు వీపు ఆన్చి నిలబడ్డాడు.

"తాళంచెవి..." అన్నారు పెద్దాయన, తాళమే లేని తలుపు వంక చూస్తూ.

జనరల్‌గారు ఎడమ తలుపు గొళ్లెం తానే లాగారు. మొదట ఒక మెత్త వచ్చి ఆయన బూటు మీద వాలింది. తర్వాత రెండో మెత్త. ఆ తర్వాత వాడుక పుస్తకాలు, ఒకటో సంపుటం నుంచి నాలుగో సంపుటం దాకా క్రమం తప్పకుండా దబదబా పడ్డాయి. నిచ్చెన జారి, విచ్చుకుని, ఎక్కమన్నట్టు ఆయన ఎదుట నిలబడింది. చివర్లో తీగచుట్ట దొర్లుకుంటూ కమిటీ కుర్చీల దాకా వెళ్లి ఆగింది.

"ఇవి ఏ రకం క్షిపణులు?" అన్నారు జనరల్‌గారు.

ఇక దాచి లాభం లేదు. "మెత్తలు నావండీ," అంది సీట్లావిడ. "పుస్తకాలు నేనే," అన్నాడు గుమాస్తా. అందరూ ఒప్పుకున్నాక, ఎవరూ అడగకపోయినా, "నిచ్చెన..." అని పెద్దాయన దగ్గారు. తీసినదంతా తీసినచోటే దాచారు గనక గ్రాము కూడా తగ్గలేదన్న సంగతి అప్పుడు వెలిగింది వాళ్లకి. కుడి జేబులోది ఎడమ జేబులో వేసుకుని ఖర్చు తగ్గిందనుకున్న బాపతు.

"అయితే ఇప్పుడు తూచండి," అన్నారు జనరల్‌గారు. రేకుతో సహా అంతా నేల మీదికి చేరింది. అదంతా నలభై ఏడు కిలోలు.

బావ మూలకు వెళ్లాడు. వంగాడు.

"నాలుగు వేల రెండు వందల మూడున్నర."

అంటే కూర్చోడానికి మెత్త లేకుండా, ఎక్కడానికి నిచ్చెన లేకుండా ఊడదీసినా ఇంకా మూడున్నర కిలోలు ఎక్కువే! సీట్లావిడ కళ్లొత్తుకుంది. పెద్దాయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నారు. జనరల్‌గారు కలం తీసి, రిపోర్టు కాగితం మడత విప్పారు.

"ఒక్క నిమిషమండీ!" అన్నాడు పైలట్. బావ ఇంకా ఆ మూలలోంచి బయటికి రాలేదు. అక్క అప్పజెప్పిన మనిషాయె. ఏమైపోయాడో చూద్దామని పైలట్ శాసనం ధిక్కరించి పసుపు గీత దాటాడు. తోక కిందనుంచి దూరి గోడవైపుకు చేరాడు. అక్కడ బావ మీటరును కావిలించుకుని నిలబడి ఉన్నాడు. పైలట్ అతని మొహం చూశాడు, మీటరు చూశాడు, ఆఖరికి కాళ్లు చూశాడు.

"బావా, ఒకసారి దిగు."

"ఎక్కడ్నుంచిరా?"

"త్రాసు మీంచి."

గ్రాముల బావ కిందికి చూసుకున్నాడు. రెండు బూట్లూ ఎడమ చక్రం పక్కన, పలక మీద, దర్జాగా ఉన్నాయి. ఒక కాలు తీశాడు. రెండో కాలు తీశాడు. మీటరు చలిజ్వరం వచ్చినట్టు వణికి, నాలుగు వేల నూట నలభై ఒకటి దగ్గర ఆగింది.

"బావా, నీ బరువెంత?"

"అరవై రెండు," అన్నాడు బావ నూతిలోంచి అన్నట్టు.

"మరి ఆ అరకిలో?"

"నీళ్లు తాగానురా."

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికిన తల్లి కథ మనకు తెలుసు. ఇక్కడ తల్లే చంకెక్కి కూర్చుంది. విషయమంతా బావ స్వయంగా, అందరి ఎదుటా, నిలబడి వివరించాడు. మీటరు గోడవైపుకు జరగడం, మూల ఇరుకై తను పలక ఎక్కడం, పసుపు గీత పుణ్యమాని అది ఎవరి కంటా పడకపోవడం, ఏదీ దాచలేదు. చెబుతున్నంతసేపూ జనరల్‌గారి మీసాలు అదురుతూనే ఉన్నాయి. "ఆరేళ్లుగా హెలికాప్టర్లో దారపుముక్క ఎక్కువుంటే ఊరుకోని మనిషినండీ" అని బావ ముగించేసరికి ఆయన ఆపుకోలేక కుర్చీలో కూలబడి, పగలబడి నవ్వారు. పైలట్ ఫోన్‌లో అక్కకు కూడా వినిపించాడు. ఆవిడ అంతా విని, "అది బరువా! నేనింకా ఏదో కొత్త సంగతనుకున్నాను," అని పెట్టేసింది.

రేకు, మెత్తలు, దీపం, పుస్తకాలు, నిచ్చెన, అన్నీ చీటీలతో సహా వాటి వాటి చోట్లకు చేరాయి. బావ పలకకు బారెడు దూరంలో నిలబడి, దుర్భిణీ పెట్టుకుని చదివాడు. నాలుగు వేల నూట ఎనభై ఎనిమిది. కాగితాల్లో ఉన్నదానికి గ్రాము అటూ ఇటూ లేదు. సీట్లావిడ కరెంటాయన చెయ్యి పట్టుకుని ఊపేసింది.

మధ్యాహ్నం తూనీగ లేచింది. తల మీద రెండు రోటర్లూ ఒకదానికొకటి ఎదురు తిరుగుతూ, తోక పంకా తోస్తూ, ముక్కు కాస్త దించి దూసుకుపోయింది. మైదానంలో నిలబడ్డవాళ్ల టోపీలు ఎగిరిపోయాయి, ఎవరూ ఏరుకోలేదు. "మూడొందల ఎనభై... తొంభై... నాలుగొందలు!" అని రేడియోలో పైలట్ గొంతు. "నాలుగొందల పదకొండు! బావా, ఇది ఎగరట్లేదు బావా, ఈదుతోంది!" నూట నలభై మందీ చిన్నపిల్లల్లా గెంతారు. గ్రాముల బావ గెంతలేదు. ఆకాశం వంక చూస్తూ, కళ్లజోడు మాత్రం మూడుసార్లు తుడుచుకున్నాడు.

జనరల్‌గారు అక్కడికక్కడే ఆమోదపత్రం మీద సంతకం పెట్టి, బావ చెయ్యి పట్టుకుని ఊపారు.

"చాలా తేలికైన యంత్రం. మాకు బాగా నచ్చింది. చిన్న చిన్న కోరికలే మిగిలాయి. వేసవిలో పైలట్లకు ఉక్క కదా, ఒక ఏసీ పెట్టండి. పొట్ట కింద ఇంకో ఉక్కు రేకు, వెనక ఒక మూడో సీటు. మూడొందల కిలోలకు మించదు లెండి."

ఆ సాయంత్రమే పెద్దాయన తూనీగ పేరు కొట్టేసి, ఏనుగు అని రాసి, ఎలా ఉందో కాస్త దూరం నుంచి చూసుకున్నారు.