బుల్లోడి వరస

నవ్వనంటేనే చెబుతాను. నవ్వినా చెబుతాననుకోండి, అది వేరే సంగతి.

మా పశువులశాలలో ఆవులూ పెయ్యలూ కలిపి వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. వాటి మధ్య ఒకే ఒక్క మగప్రాణి మా కోడె. వాడి పేరు బుల్లోడు. ఇంగ్లీషులో చూసినా తెలుగులో చూసినా సరిపోయే పేరు పెట్టానని చాలాకాలం మురిసిపోయాను. "పెట్టినవాళ్ళ తెలివంతా పేరులోనే కనిపిస్తోంది" అంది మా ఆవిడ. అది మెచ్చుకోలే అనుకున్నాను కొన్నాళ్ళు.

వాడు పుట్టినప్పుడు తల్లి దగ్గరకు రానివ్వలేదు. వస్తే తన్నేది. నేనే సీసాతో పాలు పట్టి పెంచాను. అప్పట్నుంచి నేనెటు పోతే వాడూ అటే. గడ్డి కోస్తుంటే వెనక నిలబడి నా చొక్కా నమిలేవాడు. బజారుకు బయల్దేరితే గేటు దాకా వచ్చి అరిచేవాడు. నేను బయటికి వెళితే బెంగపడే ప్రాణి మా ఇంట్లో వాడొక్కడే.

అలాంటివాణ్ని సంతకు తోలేద్దామంది మా ఆవిడ.

"ఏం, ఏం చేశాడు వాడు?"

"ఏమీ చెయ్యడనే. పనీపాటా లేకుండా తిని తిరిగే మగాళ్ళు ఇద్దరెందుకండీ ఈ ఇంటికి?"

రెండోవాడెవడని నేను అడగలేదు.

"వాడు మామూలు కోడె కాదు. మన మందకు ఆంబోతవుతాడు."

"అవుతాడని ఎవరన్నారు?"

"నేనన్నాను."

"మీరన్నారు కాబట్టే భయం. డాక్టరుగార్ని పిలిచి చూపిద్దాం. పాసైతే సంతకు పంపను. ఫెయిలైతే మాత్రం మీరు నోరెత్తకూడదు."

సరేనన్నాను. అనక ఏం చేస్తాను? సంత సంగతి మీకు తెలుసు. అక్కడ కొనేవాళ్ళందరూ పెంచుకోవడానికే కొనరు. ఆ మాట తల్చుకుంటే నాకు ముద్ద దిగలేదు. ఎలాగైనా వాణ్ని గట్టెక్కించాలని తీర్మానించుకున్నాను.

మా ఆవిడ చూడకుండా వాడి దాణా పెంచాను. పాడి ఆవుల వంతులోంచి తీసి వాడికి పెట్టాను. రోజూ ఒళ్ళు రుద్ది కడిగాను. నా తలనూనె తీసి వాడి కొమ్ములకు రాశాను. నా తలకు దాంతో ఇప్పుడు పెద్ద పనేమీ లేదు లెండి.

అనుకున్న రోజు పశువుల డాక్టరుగారు వచ్చారు. ఆయన్ని మేం టేపు డాక్టరంటాం. మిగతా డాక్టర్లకు స్టెతస్కోపు వేలాడే చోట ఆయనకు కొలతల టేపు వేలాడుతుంది. వెనకే మా బావమరిది, అంటే మా ఆవిడ తమ్ముడు, తన ఆవునొకదాన్ని తోలుకుంటూ వచ్చాడు. మా వీధి చివరే అతని శాల. ఏం చెప్పినా "సరే బావగారూ" అంటాడు కాబట్టి చాటున అతన్ని సరేగారు అంటాను.

"ఈ ఆవెందుకు?" అన్నాను.

"పరీక్షకు ఎదకొచ్చిన ఆవు కావాలన్నారు. మనవాటిలో ఇప్పుడేదీ ఎదలో లేదుగా" అంది మా ఆవిడ. నిజమే కదా అనుకున్నాను. అక్కడే ఆలోచించి ఉండాల్సింది.

డాక్టరుగారు బుల్లోడి కళ్ళు చూశారు, పళ్ళు చూశారు. నడిపించమన్నారు. నేను ముందు నడిస్తే గానీ వాడు నడవడు. ఇద్దరం పెరడంతా తిరిగాం.

"కుడికాలు కొంచెం ఈడుస్తోంది" అన్నారాయన.

నేను గిరుక్కున వెనక్కి తిరిగాను. "వాడికి కాళ్ళు బంగారంలా ఉంటాయండీ!"

"వాడిది కాదు, మీది."

తర్వాత వాడి నడుం మీద చెయ్యివేసి నొక్కి చూసి, "బాగా కొవ్వెక్కింది" అన్నారు.

"ఎవరికి డాక్టరుగారూ?" అంది మా ఆవిడ.

"ప్రస్తుతానికి కోడె సంగతే చెబుతున్నానమ్మా. దాణా ఎక్కువైంది. మరీ ఒళ్ళు చేస్తే ఆంబోతుకు చురుకు తగ్గుతుంది."

"అదా! నా ఆవులు పాలెందుకు తగ్గించాయా అని వారం నుంచీ బుర్ర బద్దలు కొట్టుకుంటున్నాను" అని ఆవిడ నా వైపు తిరిగింది. నేను మబ్బుల వైపు తిరిగాను.

ఆ తర్వాత డాక్టరుగారు టేపు తీసి వాడి బీజాల చుట్టుకొలత తీశారు. చదివారు. మళ్ళీ చుట్టి మళ్ళీ చదివారు.

"బ్రహ్మాండం" అన్నారు.

నేను ఛాతీ విరిచి నిలబడ్డాను. "అందులో మీ గొప్పేముందండీ?" అంది మా ఆవిడ.

ఇక మిగిలింది అసలు పరీక్ష. సరేగారి ఆవును దొడ్లో గుంజకు కట్టి బుల్లోణ్ని వదిలారు. వాడు ఆవును చూశాడు. నన్ను చూశాడు. తిన్నగా వచ్చి నా భుజం మీద గడ్డం ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

"అటురా నాయనా, అటు!" అని తోశాను. ఆటలనుకున్నాడు. దారి చూపిద్దామని వెళ్ళి ఆవు పక్కన నిలబడ్డాను. నా బుద్ధి గడ్డి తిని అలా నిలబడ్డాను గానీ, వాడికి ఉన్నట్టుండి హుషారొచ్చింది. ముందుకాళ్ళు రెండూ ఎత్తాడు. నా మీదికి!

కంచె ఎలా దూకానో నాకు తెలియదు. దూకడమైతే దూకాను, తిన్నగా నీళ్ళతొట్టిలోకి. లేచి చూస్తే కంచె మీదుగా మెడ చాపి బుల్లోడు నాకోసం అరుస్తున్నాడు. ఆవు మా ఇద్దర్నీ చూసి మొహం తిప్పుకుంది.

"సరదా ఉంది, గురి లేదు" అన్నారు డాక్టరుగారు. "ఇలా అయితే ఫెయిలనే చెప్పాలి."

తొట్టిలో నీళ్ళు చల్లగా ఉన్నాయో వేడిగా ఉన్నాయో కూడా నాకు తెలియలేదు. వాడు సంతలో తాడు కట్టుకుని నిలబడి నాకోసం వెతుక్కుంటున్నట్టు కనిపించింది.

"ఒక్క నిమిషం ఆగండి డాక్టరుగారూ" అని మా ఆవిడ వచ్చి నా రెక్క పట్టుకుంది. "లోపలికి పదండి."

"నేను లేకపోతే వాడు బెంగపెట్టుకుంటాడే!"

"మీరున్నంతసేపూ వాడు చంటిపిల్లాడేనండీ. పదండి."

వంటింట్లోకి తోసి బయట గడియ పెట్టేసింది. తడిబట్టలతో తలుపుకు చెవి ఆనించి నిలబడ్డాను. కాసేపు బుల్లోడి అరుపులు. తర్వాత ఏమీ లేదు. తర్వాత గిట్టల చప్పుడు. ఆ వెంటనే డాక్టరుగారి "శభాష్!"

తలుపు తీసేసరికి ఆయన పెరటి గట్టు మీద మైక్రోస్కోపు పెట్టుకుని, వాడి దగ్గర సేకరించిన బొట్టును చూస్తున్నారు. "ఒక్కొక్కటీ బాణంలా దూసుకుపోతోంది. మీ కోడె పాస్."

గడప మీదే కూర్చుండిపోయాను. సంత తప్పింది. నా బుల్లోడు బతికిపోయాడు. మీరెవరూ ఏమీ అనుకోకపోతే చెబుతాను, ఏడ్చాను కూడా.

"వాడి వంశం గురించి కూడా చెప్పండి, మీకు కంఠతా వచ్చుగా" అంది మా ఆవిడ తియ్యగా. ఆ తియ్యదనానికే నేను అనుమానపడాల్సింది. కానీ ఆనందంలో ఉన్నవాడికి అనుమానాలెక్కడివి? డాక్టరుగార్ని శాలలోకి తీసుకెళ్ళాను.

"ఆ నల్లమచ్చది వీడి అక్క. మూలన నెమరేస్తున్నది చెల్లెలు. ఎర్రపెయ్య చిన్న చెల్లెలు. అందరికీ తండ్రి ఒక్కడేనండీ, ఒకటే రక్తం! బయటి చుక్క కూడా లేదు!"

"మరి ఆ పెద్దావు?"

"వీళ్ళమ్మ."

"పక్కది?"

"పిన్ని."

డాక్టరుగారు టేపు చుట్టి జేబులో పెట్టుకున్నారు. "ఆంబోతు బాగానే ఉంది. వరసే కుదరలేదు. సొంత అక్కచెల్లెళ్ళకు దాటిస్తే దూడలు అర్భకంగా పుడతాయి, మంద పాడైపోతుంది. ఈ శాలలో వీడు పనికిరాడు."

ఒక్కొక్కరికీ వరసలు పెట్టి చెప్పింది నేనే. ఆ వరసల్లో ఉన్న చిక్కు మాత్రం నా బుర్రకు ఎక్కలేదు.

"అయితే సంతేనా?" అన్నాను.

"పాసైతే సంతకు పంపనన్నానుగా. ఇక్కడే ఉంచుతానని ఎప్పుడన్నాను?" అంది మా ఆవిడ.

సరేగారు నవ్వుతూ బుల్లోడి తాడు అందుకున్నాడు. "మా శాలలో అందరూ మరదళ్ళే బావగారూ. మా కోడె కూడా మొన్న పాసైంది. దానికీ మా దగ్గర వరస కుదరలేదు. దాన్ని మీకు తోలుకొస్తాను."

"కుండమార్పిడి పెళ్ళి అన్నమాట!" అని నవ్వారు డాక్టరుగారు.

అప్పుడు వెలిగింది నాకు. ఆ ఆవు పరీక్షకు రాలేదు, పెళ్ళికొడుకును చూసుకోవడానికి వచ్చింది.

"ముందే చెప్పొచ్చుగా?" అన్నాను మా ఆవిడతో.

"చెబితే మీరు డాక్టరుగార్ని గేటు దాటనిచ్చేవారా? సంత అన్నాను కాబట్టే పాసు కావాలని మొక్కుకున్నారు."

కోపం తెచ్చుకుందామని చూశాను. రాలేదు. సంతకు పోవాల్సినవాడు వీధి చివరికి పోతున్నాడు, ఇంక కోపమెక్కణ్ణుంచి వస్తుంది? బుల్లోడు ఆవు వెనకే బుద్ధిమంతుడిలా నడిచి వెళ్ళాడు. వెనక్కి తిరిగి చూస్తాడేమోనని గేటు దగ్గర నిలబడ్డాను. చూడలేదు.

"ఇంకొన్నాళ్ళు మీరు అటు వెళ్ళకండి. మిమ్మల్ని చూస్తే వాడు మళ్ళీ మొదలెడతాడు" అంది మా ఆవిడ. వెళ్ళనని మాటిచ్చాను.

మర్నాడు పొద్దున్నే కూరగాయల సంచి పట్టుకుని బయల్దేరాను. కూరగాయల కొట్టు అటు, నేను వెళ్ళింది ఇటు. సరేగారు గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు.

"రండి బావగారూ. మీరొస్తారని అక్క చెప్పింది."

"ఎప్పుడు చెప్పింది?"

"నిన్న సాయంత్రమే."

గడ్డివాము చాటుకు తీసుకెళ్ళాడు. అక్కణ్ణుంచి శాలంతా కనిపిస్తోంది. బుల్లోడు మరదళ్ళ మధ్య నిలబడి తలెత్తకుండా మేస్తున్నాడు. ఒళ్ళు నిగనిగలాడుతోంది. దిగులన్నదే లేదు వాడి మొహంలో. అది చూశాక నా మొహంలోనూ లేదు.

"ఇక్కడైతే వాడు మీకు కనపడతాడు, మీరు వాడికి కనపడరు. ఎంతసేపైనా కూర్చోండి" అన్నాడు సరేగారు.

అక్కడ ఒక కుర్చీ వేసి ఉంది. కూర్చున్నాక చూశాను, అది మా ఇంటి కుర్చీయే.